బులెటిన్ జిల్లాకి, గాలివాన వీధికి

(మే నెల మొదటి వారంలో విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో జరిగిన ప్రసంగానికి రాతరూపం. వక్త వాతావరణ శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన అధ్యాపకులు. ఆ సాయంత్రం రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల ఫ్యాన్లు తిరుగుతున్నాయా అండీ? తిరుగుతున్నాయి గానీ గాలి తగలట్లేదంటారు, అంతేనా? సరే, మన సబ్జెక్టు కూడా దాదాపు అదే. కుర్చీలు సరిపోనివాళ్ళు ముందుకొచ్చి చాప మీద కూర్చోండి, మొహమాటం వద్దు.

ఇవాళ పొద్దున్న ఫోన్లో వాతావరణం చూసుకున్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. బాగానే ఉన్నారు. మరి చూసి నవ్వుకున్నవాళ్ళు? అదిగో, అవే చేతులు! ఎందుకు నవ్వుకుంటాం? వాతావరణ శాఖ ఇచ్చే ఒకే బులెటిన్లో ఒక లైను "వేడి, ఉక్కపోతతో కూడిన అసౌకర్య వాతావరణం" అంటుంది. కింది లైను "ఒకటి రెండు చోట్ల ఉరుములు మెరుపులతో కూడిన వర్షం, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు" అంటుంది. ఎండా వీళ్ళే చెప్పారు, వానా వీళ్ళే చెప్పారు, ఏది జరిగినా మేం ముందే చెప్పాం అంటారు అని మనం జోకులేసుకుంటాం. మా ఇంట్లో కూడా వేస్తారు, నా మొహం మీదే.

కానీ ఆ రెండు లైన్లకీ గొడవేం లేదండీ. పైదానివల్లే కిందిది వస్తుంది. చిక్కల్లా ఎక్కడుందంటే, బులెటిన్ రాసేది ఒక జిల్లాకి, ఒక రోజుకి. మనకి దెబ్బ తగిలేది ఒక వీధిలో, ఒక గంటలో. ఈ రెండింటి మధ్య ఖాళీ ఉంది. దాన్ని శాఖవాళ్ళు పూడ్చలేరు, మనమే పూడ్చుకోవాలి. ఎలాగో చెప్పడానికే వచ్చాను.

ముందు ఎండ సంగతి చూద్దాం.

మన ఊళ్ళో ఉష్ణోగ్రత కొలిచే చోట్లు ముఖ్యంగా రెండున్నాయి. ఒకటి వాల్తేరు, సముద్రానికి దగ్గర. రెండోది ఎయిర్‌పోర్టు, కొండల మధ్య లోపలికి ఉంటుంది. ఎండాకాలంలో ఈ రెండింటికీ రెండు మూడు డిగ్రీల తేడా మామూలు, ఒక్కోరోజు అంతకన్నా ఎక్కువే. పేపర్లో "విశాఖ 34" అని వేస్తే అది ఎవరి 34? బీచ్ రోడ్డుదా, గాజువాకదా? గాజువాకలో, మింది వైపు, పెందుర్తిలో ఉన్నవాళ్ళు వాల్తేరు అంకె చూసి "ఇంతేనా" అనుకోకూడదు. మీరు ఎయిర్‌పోర్టు అంకె చూసుకోండి.

సరే, 34 అనే అనుకుందాం. 34 అంటే ఎండా అది? రాయలసీమ చుట్టాలు మనల్ని చూసి నవ్వుతారు. వాళ్ళకి 40, 42. కానీ ఆ చుట్టాలే మే నెలలో మన ఇంటికొచ్చి రెండో రోజుకి "ఏం ఊరండీ ఇది, చొక్కా ఒంటికి అంటుకుపోతోంది" అంటారు. అంటారా లేదా? దానికో లెక్కుంది. మన ఒళ్ళు చల్లబడేది చెమట కారడంవల్ల కాదు, ఆ చెమట ఆరడంవల్ల. గాలిలో తేమ 20 శాతం ఉంటే చెమట ఇట్టే ఆరిపోతుంది, 40 డిగ్రీలు 40 లాగే ఉంటాయి. అదే తేమ 70 శాతం ఉంటే చెమట ఆరదు, కారుతుంది. హీట్ ఇండెక్స్ అని ఒక లెక్క ఉంది. దాని ప్రకారం 34 డిగ్రీలకి 70 శాతం తేమ తోడైతే ఒంటికి 45 దాటినట్టే. మళ్ళీ చెప్తాను, 34 డిగ్రీలే, ఒంటికి 45 పైన.

ఇప్పుడు వడగాడ్పు అని ఎప్పుడంటారో చూడండి. వాతావరణ శాఖ కొలత ప్రకారం తీర ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత 37 చేరాలి, అదీ ఆ రోజుకి మామూలుగా ఉండేదానికంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుండాలి. అప్పుడే వడగాడ్పు. మామూలుకంటే ఆరున్నర డిగ్రీల దాకా పెరిగితే తీవ్ర వడగాడ్పు. మరి 35 డిగ్రీలు, మూడొంతుల తేమ ఉన్న రోజు? ఆ కొలతలో వడగాడ్పు లేదు. అందుకే "వేడి, ఉక్కపోత" అని వేరే లైను రాస్తారు. మనం ఆ లైను చదవం, "వడగాడ్పు హెచ్చరిక లేదు కదా" అనుకుని మధ్యాహ్నం రెండింటికి మేస్త్రీని మేడ మీదికి ఎక్కిస్తాం. మధురవాడలో, ఎండాడలో అపార్ట్‌మెంట్లకి సెంట్రింగ్ కొట్టే కుర్రాళ్ళని చూడండి, వాళ్ళకి ఆ లైనే అసలు హెచ్చరిక. ఆటో తోలేవాళ్ళకి, డెలివరీ పిల్లలకి, పూర్ణా మార్కెట్లో బస్తాలు మోసేవాళ్ళకి కూడా. కొండవాలు మీద రేకుల ఇళ్ళలో ఉన్నవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. వాళ్ళకి రాత్రి కూడా తెరిపి ఉండదు. పగలు కాగిన రేకు, గాలి ఆడని గది, దిగువనుంచి మెట్లెక్కి మోసుకొచ్చే నీళ్ళు. ఎండదెబ్బ అంటే రోడ్డు మీదే తగులుతుందనుకుంటాం గానీ, ముసలివాళ్ళలో చాలామందికి ఇంట్లోనే తగులుతుంది, రెండు మూడు రాత్రులు నిద్రలేక.

2015 మే నెల గుర్తుందా? మన రాష్ట్రం, తెలంగాణ కలిపి ఆ ఎండలకి వెయ్యిమందికి పైగా పోయారు. తుఫాను వస్తే అంతమంది పోనివ్వట్లేదు మనం ఈ రోజుల్లో. ఎండ చప్పుడు చెయ్యదు కాబట్టి సాగుతోంది.

ఇంకొకటి. మన ఊరిని కాపాడేది ఏంటి? సముద్రం గాలి. పొద్దున్న పది, పదకొండు గంటలకి నేల కాగుతుంది, సముద్రం మీదనుంచి గాలి లోపలికి తోసుకొస్తుంది. అది వచ్చిన రోజు మనకి 34. పడమటి గాలి బలంగా వీచే రోజు ఉంటుంది చూడండి, ఛత్తీస్‌గఢ్, ఒడిశా లోపలినుంచి పొడి గాలి కొండలు దిగి వస్తుంది, సముద్రం గాలిని ఒడ్డు దాటనివ్వదు. ఆ రోజు పదకొండైనా గాలి తిరగదు. పన్నెండైనా తిరగదు. ఆ రోజే మనకి 40 కనిపించేది. మీరు టెర్రస్ మీద బట్టలు ఆరేసుకుంటారు కదమ్మా, చీర ఏ వైపుకి ఎగురుతోందో చూడండి. పదకొండు దాటాక కూడా సముద్రం వైపే ఎగురుతుంటే ఆ రోజు పెద్దవాళ్ళని బయటికి పంపొద్దు.

ఈ పడమటి గాలి ఎప్పుడు బలపడుతుంది? తుఫాను మనల్ని దాటి పైకి వెళ్ళినప్పుడు. ఇది చాలామందికి తెలీదు. మే నెలలో బంగాళాఖాతంలో తుఫాను పుట్టి ఒడిశా వైపో బెంగాల్ వైపో పోతోందనుకోండి, "హమ్మయ్య, మనకి తప్పింది" అంటాం. తుఫాను చుట్టూ గాలి ఎడమచేతివైపు తిరుగుతుంది కదా, అది మనకి ఉత్తరాన ఉంటే మన మీదికొచ్చే గాలి నేలమీదనుంచి వస్తుంది. ఉన్న తేమంతా అది పట్టుకుపోతుంది, మనకి పొడి వేడి మిగులుతుంది. వాన తప్పిన రెండు మూడు రోజులు జాగ్రత్తగా ఉండాలి.

మజ్జిగ తాగండి, గొడుగు పట్టండి లాంటివి నేను చెప్పను, అవి మీరే నాకు చెప్తారు. ఒక్కటే చెప్తాను. ఎండలో పనిచేసే మనిషి మాట తడబడుతున్నా, పిలిస్తే సరిగ్గా పలక్కపోయినా, ఒళ్ళు పెనంలా కాలుతున్నా అది కళ్ళు తిరగడం కాదు, వడదెబ్బ. నీడకి చేర్చండి, బట్టలు వదులు చెయ్యండి, ఒంటినిండా నీళ్ళు పొయ్యండి, విసరండి, 108కి ఫోన్ చెయ్యండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

కొండమీద పుట్టి మన మీదికి

ఇప్పుడు వాన. ఏప్రిల్, మే నెలల్లో బంగాళాఖాతం నీళ్ళు 29, 30 డిగ్రీలుంటాయి. ఆ తేమ గాలి కింద కింద లోపలికి పోతుంది. పైన, రెండు మూడు కిలోమీటర్ల ఎత్తున, పడమటి పొడి వేడి గాలి పరుచుకుని ఉంటుంది. ఆ పై గాలి కుక్కర్ మూత లాంటిది. కింద తేమ, వేడి పేరుకుంటూ ఉంటాయి, పైకి పోవడానికి దారుండదు. మూత గట్టిగా ఉన్నన్నాళ్ళూ మబ్బు కూడా పట్టదు, ఉక్కపోతే. ఎక్కడో ఒకచోట మూత లేస్తుంది. ఎక్కడ లేస్తుంది? కొండల దగ్గర. అరకు, పాడేరు, చింతపల్లి కొండల మీద నేల ముందు కాగుతుంది, గాలి వాలు ఎక్కుతుంది, మధ్యాహ్నం రెండు, మూడు గంటలకల్లా మబ్బు మొలుస్తుంది. ఒక్కసారి మూత లేచిందంటే అరగంటలో అది పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకి పోతుంది. క్యూములోనింబస్ అంటాం. పైన చదునుగా, పక్కలకి సాగి ఉంటుంది. అంత ఎత్తున గడ్డకట్టిన నీళ్ళే వడగళ్ళై పడతాయి. పాపం, మామిడి తోటలవాళ్ళకి, జీడిమామిడివాళ్ళకి గుండె దడ అదే.

ఈ కాలంలో పై గాలులు పడమరనుంచి, వాయవ్యంనుంచి వీస్తాయి కాబట్టి ఆ మబ్బులు కొండలు దిగి మనవైపు నడుస్తాయి. సాయంత్రం నాలుగునుంచి ఎనిమిది మధ్య ఊరి మీదికి రావడం ఎక్కువగా చూస్తాం. అరకు మనకి రోడ్డు మీద 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది, మబ్బుకి ఘాట్ రోడ్డు మలుపులతో పనిలేదు కదా, అది తిన్నగా వస్తుంది. అంటే మనకి గంట, రెండు గంటల టైముంది.

అందుకని మీకో మాట. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టాక మన విశాఖ జిల్లా చిన్నదైపోయింది. కొండలన్నీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, పొలాలు చాలావరకు అనకాపల్లి జిల్లాలోకి పోయాయి. మనం హెచ్చరికలో విశాఖ పేరు వెతుక్కుంటాం, లేకపోతే ఫోన్ జేబులో పెట్టేస్తాం. అలా కాదు. మధ్యాహ్నం మూడింటికి అల్లూరి జిల్లాకి పిడుగుల హెచ్చరిక వచ్చిందంటే సాయంత్రం మీరే వరసలో ఉన్నారు. ఎగువన గేట్లెత్తారని వింటే దిగువ ఊళ్ళవాళ్ళు సర్దుకోరూ? ఇదీ అంతే.

ఇక "ఒకటి రెండు చోట్ల". ఈ మాట మీద ఎన్ని జోకులున్నాయో! అది మాటవరసకి రాసేది కాదండీ, దానికి కొలతుంది. ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు లోపు కేంద్రాల్లో పడితే "ఒకటి రెండు చోట్ల". సగం దాకా అయితే "కొన్ని చోట్ల". ముప్పావు దాకా ఒక మాట, ఆపైన ఒక మాట. అంటే అది వాన ఎంత పడుతుందో, ఎంత గట్టిగా పడుతుందో చెప్పే మాట కాదు. ఎంత మేర తడుస్తుందో చెప్పే మాట. మనం ఏమనుకుంటాం? ఒకటి రెండు చోట్లే కదా, చిన్న వాన అనుకుంటాం. పడిన ఆ ఒక్క చోటా చెట్లు పడిపోవచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోవచ్చు. ఆరిలోవలో కుండపోత, సిరిపురంలో చుక్క లేదు. అలా ఎన్నిసార్లు చూడలేదు మనం? సిరిపురంవాళ్ళు బులెటిన్ తప్పిందంటారు, ఆరిలోవవాళ్ళు ముందే చెప్పలేదంటారు. ఇద్దరికీ చెప్పింది ఒకటే లైను.

పోనీ ఏ వీధిలో పడుతుందో ముందురోజే చెప్పొచ్చు కదా? చెప్పలేరు. నేను సర్ది చెప్పట్లేదు, దాని స్వభావం అది. ఒక్కో ఉరుముల మబ్బు బతికేది అరగంట, గంట. పుట్టని మబ్బు చిరునామా ఎవరు చెప్తారు? పుట్టాక మాత్రం మన కైలాసగిరి మీదున్న డాప్లర్ రాడార్‌కి కనిపిస్తుంది. అందుకే మూడు గంటలకి సరిపడా ఇచ్చే తక్షణ హెచ్చరిక ఉంటుంది. ముందురోజు బులెటిన్ "రేపు గొడుగు దగ్గర పెట్టుకో" అనడానికి పనికొస్తుంది. "ఇప్పుడు లోపలికి రా" అని చెప్పేది ఆ మూడు గంటల కబురే. ఫోన్లో సచేత్ అనే యాప్ ఉంది, జాతీయ విపత్తు సంస్థది. పిడుగులకి దామిని అని ఉంది, పుణె సంస్థవాళ్ళు చేసింది. పిల్లలూ, ఇంటికెళ్ళి మీ తాతయ్యల ఫోన్లో పెట్టండి. ఎస్సెమ్మెస్ వస్తే కంపెనీ యాడ్ అనుకుని కొట్టెయ్యకండి.

గాలి సంగతి. వాన ముందు ఒక చల్లటి గాలి కొడుతుంది చూశారా, ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, అందరం బాల్కనీలోకి పోతాం. ఆ గాలి ఎక్కడిది? పైన మబ్బులో వాన చినుకులు ఆవిరై గాలిని చల్లబరుస్తాయి, ఆ చల్లగాలి బరువెక్కి కిందికి దూకుతుంది, నేలకి కొట్టుకుని నాలుగు వైపులకీ పరిగెడుతుంది. నిమిషాల్లో ఎనిమిది, పది డిగ్రీలు పడిపోతుంది. హాయిగా ఉండే ఆ గాలే రేకులు లేపేది, హోర్డింగులు పడేసేది. గాలి వేగం రెండింతలైతే తోపు రెండింతలు కాదు, నాలుగింతలు. 30 కిలోమీటర్ల గాలికి కదలని ఫ్లెక్సీ ఫ్రేము 60కి నాలుగింతల బలంతో లాగబడుతుంది. కాబట్టి ఆ చల్లగాలి తగిలిన క్షణమే టెర్రస్ మీదనుంచి దిగాలి, ఎక్కడం కాదు.

2025 ఏప్రిల్ 30. సింహాచలం చందనోత్సవం. ఇక్కడున్నవాళ్ళలో ఆ రోజు క్యూలో ఉన్నవాళ్ళు కూడా ఉండొచ్చు. తెల్లవారుజామున గాలివాన వచ్చింది, కొత్తగా కట్టిన గోడ కూలి దర్శనానికి నిలబడ్డ భక్తుల మీద పడింది. ఏడుగురు పోయారు. గోడ ఎలా కట్టారన్నదాని మీద విచారణ జరిగింది, దాని జోలికి నేను పోను. నేను చెప్పేది తారీఖు గురించి. అప్పన్న నిజరూప దర్శనం, అంటే ఈ చందనోత్సవం, ఎప్పుడు? వైశాఖ శుద్ధ తదియ. అంటే ఏటా ఏప్రిల్ రెండో సగంలోనో, మే మొదటి సగంలోనో వస్తుంది. మన గాలివానల కాలం నడిమధ్యలో. లక్షల జనం, కొండవాలు, తాత్కాలిక షెడ్లు, క్యూ లైన్లు. ఏర్పాట్లు చేసేవాళ్ళు ఆ రాత్రి ఎండకి పందిరి, మజ్జిగ ఎంత ముఖ్యంగా చూస్తారో, రాడార్ దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టడం అంత ముఖ్యంగా చూడాలి. సాయంత్రమే వస్తాయన్న గ్యారంటీ కూడా లేదు చూశారా, అది తెల్లవారుజాము.

పిడుగు

2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఒక్కరోజు. దేశం మొత్తం మీద ఏటా రెండు వేలమందికి పైగా పిడుగుపాటుకి చనిపోతున్నారు. ఎవరు వాళ్ళు? పొలంలో ఉన్నవాళ్ళు, గొర్రెలు మేకలు కాసేవాళ్ళు, చెట్టు కింద నిలబడ్డవాళ్ళు. ఎందుకు చెట్టు కింద నిలబడతాం? వాన నుంచి తప్పించుకోడానికి. తడిస్తే జలుబు చేస్తుంది, అంతే కదా! చెట్టుకి పడిన పిడుగు కాండం వెంట దిగి పక్కనున్న మనిషిలోకి దూకుతుంది, వేళ్ళ వెంట నేలలో పాకుతుంది. మామిడి తోటలో కాయ ఏరుకునేవాళ్ళకి ఇది ముఖ్యంగా చెప్పాలి. గాలికి కాయ రాలుతుంది, రాలిన కాయ ఏరుకోడానికి పిల్లలు పరిగెడతారు. సరిగ్గా ఆ టైములోనే.

మెరుపు కనబడగానే లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు... ఉరుము వినబడేదాకా. శబ్దం కిలోమీటరు నడవడానికి మూడు సెకన్లు పడుతుంది. తొమ్మిది లెక్కపెడితే మూడు కిలోమీటర్లు. ముప్పై లోపు వినబడిందంటే పిడుగు మీకు అందేంత దగ్గర్లో ఉంది, లోపలికి పదండి. ఆఖరి ఉరుము విన్న తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు. వాన ఆగిపోయింది కదా అని వచ్చేస్తాం. మబ్బు పక్కకి జరిగాక కూడా దాని అంచునుంచి పడతాయి.

ఏమ్మా? ఆ, ఫోన్ మాట్లాడొచ్చా అని అడుగుతున్నారు. సెల్‌ఫోన్ పిడుగుని లాగుతుందని వాట్సాప్‌లో తిరుగుతుంది, అది వట్టి మాట. ఇంట్లో ఉండి సెల్లు మాట్లాడుకోవచ్చు, ఛార్జింగ్ పెట్టి మాత్రం వద్దు. వైరు ఉన్నదేదీ ముట్టుకోవద్దు, అంతే. కుళాయి దగ్గర గిన్నెలు తోముకోవడం కూడా కాసేపు ఆపండి.

పెదజాలరిపేట నుంచి కొందరు వచ్చారు, వాళ్ళ కోసం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరబోట్లన్నీ హార్బర్లోనే ఉంటాయి. కానీ ఇంజిను లేని తెప్పలకి నిషేధం లేదు కదా, పొద్దున్నే వెళ్తారు. నీళ్ళ మీద అన్నిటికన్నా ఎత్తుగా ఉండేది మీరే. పడమట కొండల మీద మబ్బు లేస్తే ఒడ్డు వైపు తిప్పండి. మీకు నేను చెప్పేదేంటి, గాలి వాసన మీకే ముందు తెలుస్తుంది. అయినా చెప్పాను.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని భయపడతారు. కొట్టదు. ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. గుండె ఆగి ఉంటే ఛాతీ మీద గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి, 108 వచ్చేదాకా. భయపడి దూరంగా నిలబడ్డ ఆ అయిదు నిమిషాల్లోనే మనిషి పోతాడు.

గెడ్డ

వరద అంటే మనకి సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. 2012 నవంబరులో ఎయిర్‌పోర్టు మునిగింది. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫానప్పుడు మళ్ళీ ఎయిర్‌పోర్టులోకి నీళ్ళొచ్చాయి. ఇవన్నీ రోజులతరబడి చెప్పి వచ్చినవి. ఎండాకాలం వానకి వరదేంటి అంటారు.

చూడండి, వాతావరణ శాఖ భాషలో "భారీ వర్షం" అంటే 24 గంటల్లో ఆరున్నర సెంటీమీటర్లు, లెక్కగా 64.5 మిల్లీమీటర్లు. పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా. ఇప్పుడు నలభై నిమిషాల్లో నాలుగు సెంటీమీటర్లు పడిందనుకోండి. భారీ వర్షమేనా? కాదు! రికార్డులో అది "మోస్తరు". కానీ ఆ నలభై నిమిషాల్లో ఒక్క వంద గజాల డాబా మీదే 3,300 లీటర్లు పడ్డట్టు. వెయ్యి లీటర్ల ట్యాంకులు మూడు నిండి పొర్లుతాయి. అలాంటి డాబాలు మీ వార్డులో ఎన్ని? మధ్యలో మట్టి ఎక్కడైనా కనిపిస్తోందా? అంతా సిమెంటే. ఆ నీళ్ళన్నీ ఒకేసారి కాలువలోకి, కాలువనుంచి గెడ్డలోకి, అంటే సముద్రానికి పోయే వాగులోకి. మే నెల దాకా వాన చూడని కాలువలో ఏముంటుంది? కవర్లు, కొబ్బరి బొండాలు, విరిగిన కొమ్మలు. మొదటి వాన నీళ్ళని తేదు, చెత్తని తెస్తుంది. అది పోయి కల్వర్టు మూతికి అడ్డం పడుతుంది. జ్ఞానాపురం వైపు రైల్వే బ్రిడ్జి కిందా, చావులమదుం దగ్గరా నీళ్ళు నిలిచి బస్సులాగిపోవడం మీరు చూసిందే. పౌర్ణమికో అమావాస్యకో సముద్రం పోటు మీదుంటే గెడ్డ నీళ్ళు దిగవు, వెనక్కి తంతాయి.

కాబట్టి సెంటీమీటర్లు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు, ఎంతసేపట్లో పడిందో చూడండి. బ్రిడ్జి కింద నీళ్ళుంటే బండి దింపొద్దు. పారే నీళ్ళు చీలమండ దాటి కాస్త పైకొస్తే చాలు మనిషి కాలు నిలవదు, అడుగు లోతుకి చిన్న కారు తేలుతుంది. కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో ఎవరికి తెలుసు? కొండవాలు కాలనీలవాళ్ళు ఏప్రిల్లోనే ఇంటి వెనక గోడ చూసుకోవాలి. గోడకి నీళ్ళు పోయే కన్నాలు ఉండాలి, అవి పూడుకుపోకుండా ఉండాలి. గోడ ఉబ్బినట్టు కనబడినా, కొత్తగా పగులు వచ్చినా వార్డు సచివాలయంలో చెప్పి ఆ రాత్రి వేరేచోట పడుకోండి. వాన నీళ్ళు నానిన మట్టి బరువు గోడ మీద పడుతుంది, వాన వెలిశాక కూడా.

హెచ్చరికలకి పెట్టే రంగుల గురించి ఎవరో చీటీ పంపారు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని. నారింజ అంటే సిద్ధంగా ఉండమని. ఎరుపు అంటే కదలమని. మన ఎండాకాలం గాలివానలకి ఎరుపు చాలా అరుదుగా ఇస్తారు, ఎక్కువగా పసుపే. ఎరుపు వస్తే చూద్దాంలే అని కూర్చుంటే ఈ సీజన్ మొత్తం కూర్చునే ఉంటాం. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఏ మండలంలో వడగాడ్పు ఉందో రోజూ పేర్లతో ఇస్తుంది, అది చూడండి. సాయం కావాలంటే 112, 1070. రాసుకున్నారా?

ఇంకేమైనా అడుగుతారా? పెద్దాయన ఏదో అంటున్నారు, మైకు ఇవ్వండి బాబూ.

రోహిణి కార్తె దాటితే ఈ బాధ పోతుందా అని. రోహిణిలో రోళ్ళు పగులుతాయి, మృగశిరలో ముంగిళ్ళు చల్లబడతాయి అంటారు కదా, అది రుతుపవనాలు టైముకి వచ్చిన ఏడాదికి సరిపోతుంది. కేరళకి జూన్ 1, అక్కడినుంచి మన దాకా రావడానికి ఇంకో పది రోజులు. 2025లో కేరళకి మే 24నే వచ్చేశాయి. 2023లో ఆలస్యమైంది, జూన్‌లో బడులు తెరిచాక కూడా వడగాడ్పులు తగ్గక ఒంటిపూట బడులు నడిపారు. పవనం రావడం ఆలస్యమైతే జూన్ మొదటి రెండు వారాలు పడమటి గాలిదే రాజ్యం, మన తీరానికి మేకన్నా అదే గడ్డుగా ఉంటుంది. వచ్చేటప్పుడు కూడా మెల్లగా రావు, ఆ మొదటి వారం ఉరుములూ పిడుగులూ ఇంకా ఎక్కువే. కాబట్టి బాబాయ్‌గారూ, పంచాంగంలో మృగశిర వచ్చిందని పొలానికి వెళ్ళకండి, ఆ పూట ఆకాశం చూసి వెళ్ళండి.

ఇంకొకరు, ఆ అమ్మాయి. స్కూలు గ్రౌండ్‌లో ఆడుకుంటుంటే ఉరుము వినబడితే పీఈటీ సార్ని అడగాలా అంటోంది. అడగక్కర్లేదు తల్లీ. బిల్డింగులోకి పరిగెత్తు, తర్వాత చెప్పు. సార్ కూడా నీ వెనకే వస్తారు.